ఆ ‘ఇమ్యూనిటీ’ ప్రకటన వేయకండి

సంపాదకులకు నమస్కారం.

కొన్ని వారాలుగా మీ ఆదివారం సంచికలో ఒక పొడి గురించి ప్రకటన వస్తోంది. రోగనిరోధక శక్తి పెంచుకుంటే క్యాన్సర్ తిరగబెట్టదట, ఒంట్లో పాకదట. కీమో ముగించుకుని, తర్వాతి స్కానింగులో ఏం తేలుతుందోనని బిక్కుబిక్కుమంటున్న వాళ్లే దీనికి గిరాకీ.

రోగనిరోధక కణాలన్నీ క్యాన్సర్‌కు శత్రువులేనన్నది ఈ ప్రకటన ధీమా. నిజం అలా లేదు. టి-కణాలనే తెల్ల రక్తకణాలు కణితి మీద దాడి చేస్తాయి, సరే. దాని చుట్టూ చేరే మాక్రోఫేజ్‌లు (సూక్ష్మజీవులను, చచ్చిన కణాలను మింగే రోగనిరోధక కణాలు) మాత్రం చాలాసార్లు కొత్త రక్తనాళాలు మొలిపించి, క్యాన్సర్ కణాలు రక్తంలోకి జారుకోవడానికి సాయపడతాయి. కంచే చేను మేయడమంటే ఇదే. మాక్రోఫేజ్‌లకు అవసరమైన సీఎస్‌ఎఫ్-1 అనే ప్రొటీన్ లేని ఎలుకల్లో రొమ్ము కణితి పుట్టడం ఆగలేదు గానీ, ఊపిరితిత్తులకు పాకడం బాగా తగ్గిందని జెఫ్రీ పొలార్డ్ బృందం 2001లోనే చూపింది.

న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్ల రక్తకణాల సంగతి మరీ విచిత్రం. సూక్ష్మజీవులను పట్టడానికి అవి తమ డీఎన్‌ఏనే వలగా విసురుతాయి. ఎలుకల ఊపిరితిత్తుల్లో నిద్రాణంగా పడి ఉన్న రొమ్ము క్యాన్సర్ కణాలు పొగాకు పొగతో వచ్చిన వాపు వల్ల మేల్కొన్నాయని 2018లో మికాలా ఎగెబ్లాడ్ బృందం ప్రచురించింది. ఆ వలలకు అంటుకున్న ఎంజైములు లామినిన్ అనే ప్రొటీన్‌ను కోశాయి, కోసిన ఆ ముక్కే నిద్రపోతున్న కణాలను లేపింది. ఎలుకల్లో జరిగిందల్లా మనుషుల్లో జరగాలని లేదు. అయినా చికిత్స పూర్తయిన మనిషి ఉన్న ఇంట్లో చుట్ట, సిగరెట్ మానమనడం ఆ పొడి కంటే మేలైన సలహా. దాన్ని ఏ ప్రకటనా చెప్పదు, అమ్ముకోవడానికి అందులో ఏముంది?

టి-కణాల బ్రేకులు తీసే అసలైన ఇమ్యునోథెరపీ మందులు ఉన్నాయి. వాటికి బాట వేసిన ఆలిసన్, హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. బ్రేకులు తీసిన టి-కణాలు సొంత ఒంటి మీదే పడొచ్చు కాబట్టి, వాటిని కూడా పేగులు, కాలేయం, ఊపిరితిత్తులు వాస్తున్నాయేమోనని డాక్టర్లు కనిపెట్టుకుంటూ ఇస్తారు.

క్యాన్సర్‌ను నయం చేస్తామని, రాకుండా ఆపుతామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. ప్రచురణలో పాలుపంచుకున్న వాళ్లకూ అది వర్తిస్తుంది. అడుగున చిన్న అక్షరాల్లో ‘ఆహార పదార్థం’ అని రాసుకున్నంత మాత్రాన ఆ మాటల అర్థం మారదు. ఔషధ నియంత్రణ అధికారులు ఎప్పుడు కదులుతారో గానీ, వచ్చే ఆదివారం ఆ ప్రకటన వేయకపోవడం మీ చేతిలో పని. ఇన్నాళ్లూ ఎందుకు వేశారో కూడా పాఠకులకు చెప్పండి.

— విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి