తుప్పు పడుతున్న పాత తుపాకులకు సరైన విలువ కట్టించండి: హోంమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయ రాష్ట్ర హోంమంత్రి గారికి నమస్కారం.

నేను నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు రైతును. మా తాత కొన్న జోడు గొట్టాల తుపాకీ మూడు తరాలుగా మా ఇంట్లో ఉండేది. 12 బోరు, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ అండ్ స్కాట్ వాళ్ళు చేసింది. చేలో అడవి పందులు పడే రోజుల్లో తాత దాన్ని పట్టుకుని మంచె మీద తెల్లవార్లూ కూర్చునేవాడట. తర్వాత లైసెన్సు మా నాయన పేరు మీదికి వచ్చింది. నాయన పోయాక, చట్టప్రకారం తుపాకీని స్టేషన్‌లో అప్పజెప్పాం. రశీదులో ‘పాత డబుల్ బ్యారెల్ తుపాకీ, ఒకటి’ అని రాసిచ్చారు. చేసినవాళ్ళ పేరు లేదు, గొట్టాలు ఎలా ఉన్నాయో లేదు.

ఏడాదిన్నర తర్వాత అమ్ముదామని వెళితే, గోనెసంచిలో చుట్టి గోడవారన పెట్టి ఉంది. రెండు వానాకాలాల చెమ్మ పట్టి గొట్టాల లోపల గుంటలు పడ్డాయి. నాయన నెలకోసారి నూనె గుడ్డతో తుడిచిన తుపాకీ అది. చూడ్డానికి వచ్చిన డీలరు ‘ఇనుము ధర ఇస్తానమ్మా’ అన్నాడు. మా అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ తర్వాతే నేను ఈ లెక్కలు నేర్చుకున్నాను. రిటైరైన ఒక ఆర్మరర్ (తుపాకులు చూసి బాగుచేసేవాడు), పెద్దాయన, తుపాకీ మడత విప్పి, గొట్టాలు ఊడదీసి అడుగున ఉన్న ముద్రలు చూపించాడు. బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి తుపాకీ గొట్టాలు పరీక్షించే ప్రూఫ్ హౌస్ ఉంది. అక్కడ ఎక్కువ మందు పెట్టి పేల్చి, తట్టుకున్న గొట్టం మీదే ముద్ర కొడతారు. కిరీటం కింద ఎన్.పి. అక్షరాలుంటే పొగరాని మందుతో పరీక్షించినట్టు. ఆ ముద్ర లేని ఇంకా పాత తుపాకుల్లో, ఇనుప ఉక్కు పట్టీలు పురిపెట్టి చుట్టి చేసిన డమాస్కస్ గొట్టాలు ఉండొచ్చు. వాటి మీద నీటి అలల్లాంటి గీతలు భలే అందంగా ఉంటాయి, కానీ ఈనాటి తోటా పెడితే ప్రాణం మీదికి రావచ్చు. తోటా కూర్చునే గది రెండున్నర అంగుళాలా, రెండుముప్పావా అన్నదీ కొలవాలి. గొట్టం గోడ ఎంత మందం మిగిలిందో కొలవాలి. తుప్పు తీయడానికి లోపల అరగదీసి ఉంటే విలువ పడిపోతుంది. పైన కొత్తగా పాలిష్ చేయించినా పడిపోతుంది. ఇది చాలామందికి తెలియక, అమ్మేముందు మెరుగు పెట్టించి నష్టపోతున్నారు. తుపాకీతో వచ్చిన పాత పెట్టె, కొన్ననాటి బిల్లు ఉంటే మాత్రం ధర పెరుగుతుంది.

ఇన్ని చూడాల్సిన వస్తువును ఒక్క చూపుతో ఇనుము అన్నాడు! అన్నవాడే కొనేవాడు కూడా.

మన దగ్గర ధర తుపాకీ మంచిచెడ్డలతోనే తేలదు. 1980ల నుంచి మామూలు జనం విదేశీ తుపాకులు తెప్పించుకునే వీలు లేకుండా పోయింది కాబట్టి, పాత ఇంగ్లీషు తుపాకీకి గిరాకీ ఉంది. కానీ కొనేవాడికి లైసెన్సు ఉండాలి. అమ్మేవాడు ముందుగా రాసిచ్చి 45 రోజులు ఆగాలి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో ఒకరి దగ్గర మూడు ఉండే చోట రెండే ఉండాలన్నారు. మూడోది ఉన్నవాళ్ళు గడువులోపు వదిలించుకోవాల్సి వచ్చింది. తొందరలో ఉన్నవాడికి మంచి ధర ఎవరిస్తారు? లండన్ వేలంలో పలికిన ధర ఇక్కడ చెల్లదని నాకూ తెలుసు. ఇక్కడి ధర ఇక్కడే, నిజాయితీగా కట్టాలని అడుగుతున్నాను.

బ్యాంకులో బంగారం కుదువ పెడితే అప్రైజర్ గీటురాయి మీద గీసి, తూకం వేసి, చీటీ రాసిస్తాడు. బంగారం కొనేవాడు ఆయన కాదు. తుపాకీ అప్పజెప్పినప్పుడూ అలాంటి చీటీ ఒకటి ఇప్పించండి. జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వులోని ఆర్మరర్ చేత తయారీదారు పేరు, నంబరు, ముద్రలు, గొట్టాల పరిస్థితి ఫొటోలతో రాయించండి. అదుంటే మళ్ళీ తీసుకునేటప్పుడు కొత్తగా తుప్పు ఎక్కడ పట్టిందో ఎవరూ కాదనలేరు. అమ్మాలనుకునే కుటుంబం ఆ చీటీ పట్టుకుని నలుగురు డీలర్లను అడగగలదు. చెమ్మ చేరని బీరువా ఒకటి, నూనె, గుడ్డ కూడా కావాలి. పెద్ద ఖర్చేం కాదు.

ఇంకొకటి, నాకు ఎక్కువ బాధగా ఉన్నది. గడువులోపు వారసులు రాకపోతే తుపాకీ ప్రభుత్వపరం అవుతుంది. భర్త పోయి, టెన్షన్‌తో స్టేషన్ మెట్లెక్కడానికే భయపడే ఆడవాళ్ళకు ఆ గడువు సంగతి ఎవరు చెబుతారు? స్వాధీనం చేసుకునే ముందు ఇంటికి తెలుగులో ఒక నోటీసు పంపించండి. నూరేళ్ళు దాటిన వాటిని ధ్వంసం చేసే ముందు పురావస్తు, మ్యూజియంల శాఖ వాళ్ళకు ఒకసారి చూపించండి.

తుపాకులు పెరగాలని నేను కోరడం లేదు. లైసెన్సు నియమాలు ఎంత గట్టిగా ఉన్నా మాకు అభ్యంతరం లేదు. మా తుపాకీ ఇంకా ఆ గోనెసంచిలోనే ఉంది. ఈ వానలు మొదలయ్యేలోపు కనీసం మా జిల్లాలో అప్పజెప్పిన పాత తుపాకులన్నిటినీ ఒకసారి ఆర్మరర్ చేత చూపించమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఉదయగిరి ప్రాంత రైతు,
నెల్లూరు జిల్లా