మాస్టు కింది దూలం

గాజువాక,
ఆదివారం.

చి. ల. సౌ. బుజ్జికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నువ్వు పంపిన పదకొండు ఫోటోలూ, బోట్‌యార్డు వాళ్లిచ్చిన ఎస్టిమేటు కాగితమూ నిన్న పొద్దున చూశాను. ఫోనులో చెబుదామంటే సగం నువ్వు రాసుకుంటావు, మిగతా సగంలో మీ అమ్మ దూరి అక్కడ వంకాయలు ఎంతకు దొరుకుతున్నాయని అడుగుతుంది. అందుకని మీ పడవ మాస్టు (తెరచాప స్తంభం) కింద తుప్పు పట్టిన ఉక్కు దూలాన్ని మార్చే ఈ పని గురించి చెప్పవలసినదంతా ఒక్కచోట ఉండేలా రాస్తున్నాను. అల్లుడుగారిని కూడా ఒకసారి చదవమను.

నవంబరులో నేను బయల్దేరే ముందు వారం, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి అలమీడాలో మీ పడవ లోపలి నేలపలకలు ఎత్తి చూసినప్పుడు అల్లుడుగారు ఒకే మాట అన్నారు: "పడవ బాగానే ఉంది కదండీ, తీగలే కొంచెం వదులు." ఆయన అన్నది తప్పేమీ కాదు. 1968లో అచ్చు పోసిన ఫైబర్‌గ్లాస్ హల్, అంటే పడవ ఒళ్లు, ఇన్నేళ్ల తరువాత కూడా ఎక్కడా నెర్రె లేకుండా ఉంది. అయితే నా చూపు ఆగింది టర్న్‌బకిళ్ల మీద. మాస్టును రెండు పక్కలా లాగిపట్టే ష్రౌడ్ తీగల కింద ఉన్న ఆ మరలు చివరికంటా బిగిసిపోయి, ఇక తిప్పడానికి అరంగుళమైనా మిగిలి లేవు. ఉక్కు తీగ సాగినా అంత సాగదు. కింద మాస్టు కొంచెం కొంచెంగా దిగిపోతూ ఉంటే, పాత యజమాని తీగలు వదులయ్యాయనుకుని ఏటేటా బిగిస్తూ వచ్చి ఉంటాడు. బిగించిన ప్రతిసారీ తెలియకుండానే మాస్టును ఇంకాస్త కిందికి నొక్కి ఉంటాడు. నేలపలక ఒకటి వేలెడు మందాన పైకి లేచి ఉండడం, ముందు గది తలుపు పట్టేయడం కూడా ఈ కథలో భాగాలే.

మాస్టు బరువు నలుగురు మనుషులు మోయగలిగేంతే కనుక దాని కింద ఇంత దూలం దేనికని నువ్వు అడిగావు. దూలం మోసేది మాస్టు బరువును కాదు. వేసవి మధ్యాహ్నాల్లో గోల్డెన్ గేటు సందులోంచి దూసుకొచ్చే గాలికి పడవ ఒరిగినప్పుడు, గాలివైపు తీగ ఎంత బలంగా లాగుతుందో అంత తోపూ మాస్టు గుండా దాని పాదం మీదికి దిగుతుంది. ఆ తోపు పడవ మొత్తం బరువుకు సాటి రాగలదు, ఒక్కోసారి మించగలదు కూడా. అంతటి భారాన్ని పలుచని హల్ ఒక్కచోట భరించలేదు గనుక, పడవ అడుగున వెన్నులా సాగే కీల్ గుంట మీదుగా అడ్డంగా, వంతెన వేసినట్లు ఉక్కు దూలం వేసి, దాని రెండు కొనలనూ హల్ గోడల మీద ఆనించి, దానిపైన మాస్టును నిలబెట్టారు. వంతెన కుంగితే బండి కుంగినట్లు, మీ మాస్టు కుంగింది.

చిప్పింగ్ సుత్తితో నేను ఆ దూలాన్ని కొన నుంచి నడిమి వరకు కొట్టుకుంటూ వెళ్లినప్పుడు శబ్దం ఎలా మారిందో నువ్వు విన్నావు. కొనల దగ్గర ఖంగుమంది, నడిమికి వచ్చేసరికి చెక్కను కొట్టినట్లు బొద్దుగా పలికింది. అక్కడ తుప్పు పొరలు పొరలుగా విచ్చుకుని అచ్చం తాపేశ్వరం మడతకాజాలా ఉంది. ఇనుము తుప్పుగా మారితే దాని ఘనపరిమాణం కొన్ని రెట్లు పెరుగుతుంది. నేలపలకను పైకి లేపింది ఆ ఉబ్బే. పొరలు రాల్చి వెర్నియర్ పెట్టి చూస్తే, మొదట పావు అంగుళం, అంటే మన వడ్రంగుల లెక్కలో రెండు నూళ్లు ఉండవలసిన నిలువు ప్లేటు నడిమిన రెండు మిల్లీమీటర్లకు వచ్చింది. ఒకచోట నా స్క్రూడ్రైవరు ఇటునుంచి అటు దూరిపోయింది. ఆ దూలాన్ని అతుకులేసి నిలబెట్టవచ్చునని ఎవరు చెప్పినా వినకు.

అయితే కొత్త దూలం ఆర్డరు ఇచ్చేముందు పాతది ఎందుకు చచ్చిందో తేల్చుకోవాలి. ఎస్టిమేటు కాగితంలో ఆ ఊసే లేదు. నాకు కనిపించిన కారణాలు మూడు. మాస్టు లోపల గుల్ల కాబట్టి, పైన తాళ్లు దూరే కప్పీల దగ్గర పడిన వాన నీరంతా లోపలినుంచే కారి సరిగ్గా దూలం నెత్తిన పడుతుంది. ఆ నీరు పంపు ఉన్న గుంటలోకి పోవడానికి వదిలిన కంతలు పెయింటు పెళ్లలతో, పాత జిడ్డుతో పూడుకుపోయాయి. అన్నిటికంటే పెద్ద తప్పు మూడోది: దూలం పాడవకుండా ఉండాలన్న సదుద్దేశంతోనే దాన్ని చుట్టూ ఫైబర్‌గ్లాస్‌తో కప్పేశారు. సన్నని పగులులోంచి ఉప్పునీరు లోపలికి చేరింది, తిరిగి ఆరే దారి లేకపోయింది. కప్పిన ఇనుము కంటికి కనపడదు, అందువల్ల యాభై ఏళ్లలో ఎవరూ దాని మొహం చూడలేదు.

ఈ మాట నేను ఎవరినో ఎత్తిచూపడానికి రాయడం లేదు. ఇరవై మూడేళ్ల వయసులో, విశాఖలో ఓడల మరమ్మతు పనిలో చేరిన కొత్తలో, ఒక బార్జి అడుగున తుప్పు పట్టిన ఫ్రేము మీద సరిగా గీకకుండానే రెండు కోట్లు రెడాక్సైడు కొట్టేశాను. సాయంత్రం సైరన్ మోగేలోపు ఇంటికి పోవాలన్న తొందర. మర్నాడు మా ఫోర్‌మన్ వచ్చి, మాట్లాడకుండా జేబులోంచి తాళంచెవి తీసి, నిగనిగలాడుతున్న ఆ ఎరుపు మీద గట్టిగా గీశాడు. అరచేతి వెడల్పు పొర ఊడి నా చెప్పుల మీద పడింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, తాళంచెవి తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆ ఫ్రేమును తెల్లలోహం వచ్చేదాకా గీకడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ఇక దూలం దేనితో చేయించాలన్న ప్రశ్న. అల్లుడుగారు ఫైబర్‌గ్లాస్ దూలమే మేలని అంటున్నారు, తుప్పన్నదే ఉండదు కదా అని. ఆ ఆలోచన నాకూ నచ్చింది, లెక్క వేసి చూసేదాకా. ఫ్యాక్టరీలో తీసిన ఫైబర్‌గ్లాస్ దూలాలకు విరగకుండా నిలిచే బలం బాగానే ఉంటుంది గాని, వంగకుండా నిలిచే బిగువులో అవి ఉక్కుకు ఇంచుమించు పదోవంతు. లోతు రెట్టింపు చేస్తే బిగువు ఎనిమిది రెట్లవుతుంది కనుక, ఇప్పుడున్న నాలుగంగుళాల దూలానికి బదులు తొమ్మిదంగుళాల దూలం వేస్తే సరిపోవచ్చు. కాని మీ నేలపలకల కింద ఉన్న చోటు నాలుగున్నర అంగుళాలే. అంతకుమించి వేస్తే నువ్వు పడవలో తలవంచుకుని తిరగాలి. పాతదానిలాగే మామూలు ఉక్కుతో చేయించి, కంతలు వేయడమూ వెల్డింగూ అన్నీ ముగిశాక జింకు తొట్టెలో ముంచి తీయించడం చౌకైన దారి, చెడ్డదీ కాదు. అయినా మీరు ఈ పడవను చాలాకాలం ఉంచుకుంటామంటున్నారు కాబట్టి నేను 316ఎల్ స్టెయిన్‌లెస్‌కే ఓటేస్తాను.

ఆ పేరు విని నిశ్చింతగా ఉండకు. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టకుండా ఉండేది పైన క్రోమియం ఆక్సైడు పొర ఉన్నంతకాలమే, ఆ పొర నిలవాలంటే గాలి తగలాలి. గాలి ఆడని సందులో ఉప్పునీరు నిలిస్తే అది కూడా లోలోపల గుంటలు పడి తినేస్తుంది. 316లో ఉండే రెండు మూడు శాతం మాలిబ్డినం ఆ పోరులో కొంత సాయం చేస్తుంది. 304లో అది లేదు, కాబట్టి దుకాణంలో 304 సిద్ధంగా ఉందని ఒప్పుకోకు. చివరి ఎల్ అక్షరం కార్బన్ తక్కువని చెబుతుంది, వెల్డు పక్కన లోహం బలహీనపడకుండా ఉండడానికి అది కావాలి. వెల్డు ఎక్కడా చుక్కలు చుక్కలుగా కాకుండా చుట్టూ మూసుకునేలా వేయమను, లేకపోతే ఆ సందులే నీటి గూళ్లవుతాయి. వెల్డు వెంట వచ్చే నీలి, గోధుమరంగు మరకలను అందమనుకుని వదిలేస్తారు కొందరు. పికిలింగ్ పేస్టుతో, అంటే ఆమ్లం కలిపిన ముద్దతో, అవి పూర్తిగా పోయాకే డెలివరీ తీసుకో.

కొత్త దూలాన్ని మాత్రం ఫైబర్‌గ్లాస్‌తో కప్పనివ్వకు. ఎస్టిమేటులో ఆరో పద్దు అదే, దాన్ని కొట్టేయించు. దూలం బయటికి కనపడాలి, చుట్టూ గాలి ఆడాలి, రేపు ఎప్పుడైనా నాలుగు బోల్టులు విప్పితే ఊడి చేతికి రావాలి. హల్ గోడలకు ఫైబర్‌గ్లాస్‌తో రెండు వైపులా గట్టి గూళ్లు కట్టించి, వాటి మీద దూలం కొనలు కూర్చోబెట్టి బోల్టు చేయించు. గూడు కట్టే చోట పాత పెయింటు, పాత జిడ్డు పూర్తిగా గ్రైండు చేసి, గ్లాసు గుడ్డ ఒక్కో పొరా కింది పొరకంటే కొంత వెడల్పుగా పరిపించు, అంచు దగ్గర హల్ మీద బరువు ఒక్కసారిగా పడకుండా. ఎపాక్సీ గట్టిపడ్డాక పైన మైనంలా ఒక పొర తేలుతుంది. దాన్ని నీళ్లతో కడిగాకే ఉప్పుకాగితం పట్టాలి, లేకపోతే తరువాతి పొర అంటదు. చలికాలపు ఉదయాల్లో అక్కడ పది డిగ్రీలు కూడా ఉండదు కాబట్టి మధ్యాహ్నం దాకా ఆగడమో, హీటరు పెట్టడమో చేయాలి.

పాత దూలం కోసేముందు చేయవలసిన పని ఇంకొకటుంది, ఇది తప్పితే మళ్లీ వెనక్కి పోలేరు. మాస్టును క్రేనుతో పైకి తీయకముందే, తీగల టర్న్‌బకిళ్లన్నిటి పొడవూ కొలిచి రాసుకోండి. గది గోడల మీద రెండు పక్కలా ఒకే మట్టంలో గుర్తులు పెట్టి, దారం బిగించి, ఆ దారం నుంచి మాస్టు పాదానికి ఎంత లోతుందో కొలవండి. పాదం ఇప్పుడు ఎంత కుంగి ఉందో తెలియకపోతే కొత్త దూలాన్ని ఏ ఎత్తులో పెట్టాలో ఊహించవలసి వస్తుంది. దూలం కొనల దగ్గర తుప్పు లేని చోటు పైఅంచును ఆధారంగా తీసుకుంటే అసలు ఎత్తు దొరుకుతుంది. కొలతలన్నీ పడవ నీళ్లలో ఉండగా ఒకసారి, గట్టున ఎక్కించాక ఒకసారి తీయండి. బరువు కీల్ మీద సరిగా కూర్చోకుండా పక్క ఊతకర్రల మీద పడితే హల్ ఆకారమే కొంచెం మారుతుంది.

కోత విషయంలో నాకు భయమున్నది నిప్పురవ్వల గురించి. గ్యాసు సిలిండరు, పెట్రోలు డబ్బా పడవలోంచి దించేయండి, బ్యాటరీ వైర్లు ఊడదీయండి. వీలైనంతవరకు గ్రైండరు కాకుండా ముందుకు వెనక్కి ఆడే రంపం వాడండి. ఒకరు కోస్తుంటే ఇంకొకరు నిప్పార్పే సిలిండరు పట్టుకుని ఊరికే నిలబడాలి, అది కూడా పనే. ఫైబర్‌గ్లాస్ కోసినప్పుడు లేచే గాజుధూళికి గుడ్డ ముక్క కట్టుకుంటే చాలదు, ఫిల్టర్లున్న మాస్కు పెట్టుకో.

పాత దూలం మూడు ముక్కలైతే గాని బయటికి రాదు, ఎందుకంటే డెక్కు మూయకముందే దాన్ని లోపల పెట్టారు. మరి కొత్తది లోపలికి ఎలా పోతుంది? ఈ ప్రశ్న యార్డు వాళ్లను అడిగితే "చూద్దాం" అన్నారని రాశావు. చూద్దాం అంటే కుదరదు. చవక చెక్కతో సరిగ్గా అదే పొడవు, అదే వెడల్పు, అదే లోతున్న ఉత్తుత్తి దూలం ఒకటి చేసి, మెట్ల దారిలోంచి దించి, వంట గట్టు పక్కగా తిప్పి, గూళ్ల మీద కూర్చోబెట్టి చూడండి. పోతే సరే. పోకపోతే దూలాన్ని రెండు ముక్కలుగా చేయించి, బరువు తక్కువగా ఉండే కొనవైపున అతుకు ప్లేట్లు, బోల్టులతో లోపలే కలపాలి. ఆ మార్పు డ్రాయింగులోనే రావాలి, వెల్డరు పని ముగించాక కాదు.

మాస్టు అల్యూమినియం, దూలం స్టెయిన్‌లెస్. ఉప్పునీటిలో ఈ రెండూ తగిలితే మాస్టు పాదం అరిగిపోతుంది. మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక ఒకటి వేయించు, మాస్టు అడుగున నీరు బయటికి పోయే గాడి ఉండేలా చూడు, ఆ నీరు పంపు గుంటలోకి పోయే కంతలు నీ చూపుడువేలు దూరేంత పెద్దవిగా చేయించు. చూపుడువేలు అని ఎందుకన్నానంటే, నెలకోసారి నువ్వు దానితోనే వాటిని శుభ్రం చేయాలి.

మాస్టు నిలబెట్టేటప్పుడు దాని కింద నాణెం పెట్టే ఆచారం మీ దగ్గరి నావికుల్లో ఉందని నువ్వు చెప్పిన దగ్గరినుంచి మీ అమ్మ సంబరం ఇంతా అంతా కాదు. మన ఇంటి శంకుస్థాపనకు గుంటలో నవధాన్యాలు వేసినట్లేనంటూ, దేవుడి దగ్గర పెట్టిన రూపాయి బిళ్ల ఒకటి పసుపు రాసి కవరులో పెట్టింది, ఈ ఉత్తరంతోపాటు వస్తుంది. పసుపు కడిగి, బిళ్లను ఎపాక్సీలో పూర్తిగా ముంచి, ప్లాస్టిక్ పలకలో చిన్న గుంట చేసి అందులో పెట్టు. లోహం లోహానికి తగలకూడదన్న నియమం దేవుడి రూపాయికి కూడా వర్తిస్తుందని మీ అమ్మతో ఇంకా చెప్పలేదు.

మాస్టు ఎక్కాక తీగలను ఒకేసారి పూర్తిగా బిగించకండి. మొదటి రోజు చేతి బిగువు, మంచి గాలిలో ఒకసారి తిరిగి వచ్చాక ఇంకాస్త. దారం కట్టిన గుర్తులను చెరపకుండా ఉంచి, ఆ రోజూ, నెల తరువాతా మాస్టు పాదం లోతు కొలిచి, అంకెలు రెండూ నాకు పంపు. మిల్లీమీటర్లలో పంపు, అంగుళాల్లో వద్దు.

ఇట్లు,
నాన్న