కెర్నల్ మార్పులను చదివే పనికీ లెక్క ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ఫోన్లలోనో సర్వర్లలోనో భద్రతా లోపం బయటపడినప్పుడు దాన్ని ఎవరు కనిపెట్టారు, ఎన్ని పరికరాలకు ముప్పు అన్నవే వార్తల్లో చర్చకు వస్తాయి. ఆ కోడ్ కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగంలో, చేరకముందు దాన్ని ఎవరు పరిశీలించారు, అందుకు వారికి తగినంత వ్యవధి దొరికిందా అన్న ప్రశ్న రాదు. లినక్స్ కెర్నల్ మెమరీ మ్యాపింగ్‌లో చేసే మార్పుల విషయంలో ముందుగా అడగవలసింది ఆ ప్రశ్నేనని నా అభిప్రాయం.

ప్రోగ్రాముకు కనిపించే చిరునామా నిజానికి ఏ పేజీది (మెమరీని విభజించే ఒక ముక్కది), ఏ ఫైలుది, అక్కడ రాయడానికి అనుమతి ఉందా లేదా అన్న వివరాలన్నీ కెర్నల్ పట్టికల్లో ఉంటాయి. ఒకే సమయంలో అనేక ప్రాసెసర్ కోర్లు వాటిని చూస్తుంటాయి, మారుస్తుంటాయి. అందువల్ల ప్యాచ్‌లోని (కోడ్‌కు ప్రతిపాదించిన మార్పులోని) పంక్తులు తమంతట తాము సరిగ్గా ఉంటే సరిపోదు. అవి నడిచే వేళకు ఏ లాక్ (ఒకరు మారుస్తుండగా ఇతరులు అడ్డురాకుండా చూసే తాళం) పట్టుకుని ఉన్నారో, ఖాళీ చేస్తున్న పేజీకి చెందిన పాత అనువాదం మరో కోర్ టీఎల్‌బీలో (చిరునామాల అనువాదాలను దాచుకునే చోట) మిగిలిపోయిందో లేదో తెలియాలంటే ప్యాచ్‌లో లేని కోడ్‌నే ఎక్కువగా చదవాలి.

2023లో వెల్లడైన 'స్టాక్‌రాట్' లోపం ఇందుకు మంచి ఉదాహరణ. మెమరీ ప్రాంతాల జాబితాను అంతకుముందు రెడ్-బ్లాక్ ట్రీ అనే డేటా నిర్మాణంలో ఉంచేవారు, 6.1 వెర్షన్‌లో దాని స్థానంలో మేపుల్ ట్రీని తెచ్చారు. స్టాక్ పెరిగేటప్పుడు రీడ్ లాక్‌తోనే (చదివేవారు అనేకమంది ఒకేసారి పట్టుకోగల లాక్‌తోనే) ఆ ప్రాంతపు హద్దును మార్చడం పాత పద్ధతి. పాత ట్రీలో దానివల్ల ఇబ్బంది లేకపోయింది గాని, కొత్త ట్రీలో అదే మార్పుకు ఒక నోడ్‌నే (ట్రీలోని ఒక భాగాన్నే) తీసి మరొకటి పెట్టవలసి రావచ్చు. అప్పుడు పాత నోడ్‌ను ఇంకా చదువుతున్నవారు, విడుదలైపోయిన మెమరీని చదువుతున్నట్టే. ఎవరూ ముట్టుకోని పంక్తులు, వేరేచోట జరిగిన మార్పువల్ల ప్రమాదకరమయ్యాయి. ఇలాంటిదాన్ని ముందే పట్టుకోవాలంటే ఆ విభాగమంతా తెలిసినవారు నిదానంగా చదవడం తప్పనిసరి. పరీక్షించే సాధనాలు ఎంతో అవసరమైనవే అయినా, అవి నడిపి చూసిన దారులనే అవి పరీక్షించగలవు.

2016 అక్టోబరులో బయటపడిన 'డర్టీ కౌ' కథ ఇంకా పాతది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలు పేజీలోకి రాయగలిగే అవకాశమిచ్చిన ఆ లోపాన్ని అంతకు పదకొండేళ్ల క్రితమే ఒకసారి సరిచేయబోయామనీ, ఎస్390 (ఐబీఎం పెద్ద కంప్యూటర్ల) యంత్రాలపై ఇబ్బందులు రావడంతో ఆ సవరణను వెనక్కి తీసుకున్నామనీ లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా 2016 ప్యాచ్ వివరణలో రాశారు. ఆ కొత్త సవరణ కూడా భారీ పేజీల విషయంలో అసంపూర్ణమని 2017లో తేలింది.

కెర్నల్ నియమాల ప్రకారం 'రివ్యూడ్-బై' అని పేరు పెట్టేవారు, సాంకేతికంగా పరిశీలించామనీ, తమకు తెలిసిన తీవ్రమైన లోపాలేవీ అందులో లేవనీ ప్రకటిస్తున్నట్టు. అంత బాధ్యతగల పనిని, సొంత ప్యాచ్‌లు రాయగా మిగిలిన సమయంలో చేయమనడం న్యాయం కాదు. కెర్నల్ ఇంజనీర్లను నియమించుకునే సంస్థలు రివ్యూకు విడిగా పనిగంటలు కేటాయించాలి, పదోన్నతుల్లో దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్స్ బోధించే కళాశాలలు కొత్త కోడ్ రాయించడంతో పాటు ఒక నిజమైన ప్యాచ్ ఇచ్చి, అది ఏ లాక్‌పై ఆధారపడుతుందో విద్యార్థుల చేత రాయించాలి.

మీ పత్రిక కూడా ఇలాంటి లోపాల గురించి రాసేటప్పుడు, ఆ మార్పు ఎప్పుడు చేరింది, దాన్ని ఎందరు పరిశీలించారు అన్నది ఒక్క వాక్యంలోనైనా చెప్పవలసిందిగా కోరుతున్నాను. ఆ వివరాలు కెర్నల్ గిట్ చరిత్రలో (కోడ్ మార్పుల రికార్డులో) ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయి.

భవదీయుడు,
ఒక సిస్టమ్స్ ప్రోగ్రామర్