పడవ రాలేదని రేడియోలో చెప్పకూడదట!

ఎడిటర్ గారికి,

ఎఫ్ఎం రేడియోలో వార్తలూ రాజకీయాలూ రానిస్తే టీవీ చర్చల గోల చెవుల్లోకి కూడా వచ్చి పడుతుందని, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయమని మొన్న మీ పేజీలో ఒకాయన రాశారు. ఆయన భయం నాకు తెలుసు, రాత్రి ఏడయ్యేసరికి మా ఇంట్లో కూడా రిమోట్ దాచేస్తారు. కానీ మాది విజయవాడ సింగ్ నగర్ అండీ, మా బాధ వేరు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు మా వీధిలోకొచ్చినప్పుడు మేం ఆరుగురం మేడ మీద చిక్కుకుపోయాం. కరెంటు లేదు, రెండో రోజుకి ఫోన్లన్నీ చచ్చిపోయాయి. మా నాన్న కొనుక్కున్న చిన్న ట్రాన్సిస్టర్ అటక మీద దొరికితే గోడ గడియారంలో సెల్ ఒకటీ, టీవీ రిమోట్‌లోది ఒకటీ తీసి వేశాం, పలికింది. ఒక ప్రైవేటు ఎఫ్ఎంలో పాటకీ పాటకీ మధ్య ఒకమ్మాయి సహాయం కోసం ఫోన్ చేయాల్సిన నంబర్లు చదువుతోంది, ధైర్యంగా ఉండమంటోంది. మంచిదే. మేమేమో నడుముల్లోతు నీళ్లలో పాల ప్యాకెట్లు నెత్తిన పెట్టుకుని పోతున్న కుర్రాణ్ణి "పడవ ఎప్పుడొస్తుంది బాబూ" అని అరిచి అడుగుతున్నాం. ఆ ముక్క రేడియోలో ఎవరూ అడగరేం అని మా ఆవిడ విసుక్కుంది.

అడగడం వాళ్ల చేతిలో లేదని తర్వాత తెలిసింది. 2011లో కేంద్రం తెచ్చిన ఎఫ్ఎం విధానం ప్రకారం ప్రైవేటు స్టేషన్లు సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి బులెటిన్ కావాలంటే ఒక్క అక్షరం మార్చకుండా వేసుకోవచ్చు. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షల రిజల్ట్స్ పర్లేదు. కరెంటు, మంచినీళ్లు, వరదల సంగతులు కూడా చెప్పొచ్చు, కాకపోతే స్థానిక అధికారులు ఇచ్చిన మేరకే. అంటే పడవలు పంపాం అని అధికారి చెబితే అది సమాచారం, మా వీధికి రాలేదని నేను ఫోన్ చేసి చెబితే వార్త, కాస్త గట్టిగా చెబితే రాజకీయం.

అదే ఊళ్లో యూట్యూబ్‌లో ఎవరైనా ఏదైనా మాట్లాడొచ్చు, టీవీలో రోజంతా తిట్టుకోవచ్చు, మీరు నా ఉత్తరం వేయడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. రేడియో ఒక్కటే ఏం పాపం చేసింది?

మా ఊళ్లో ఆకాశవాణి 1948 నుంచీ ఉంది. ఉషశ్రీ గారు ధర్మసందేహాలకి జవాబులు చెప్పే రోజుల్లో, రాముడు వాలిని చాటు నుంచి కొట్టడం న్యాయమేనా అని మా అమ్మమ్మ కార్డు రాసింది. జవాబు వచ్చిందో లేదో గుర్తు లేదు గానీ రాముణ్ణి నిలదీయడానికి రేడియోలో చోటుంది, మున్సిపాలిటీని అడగడానికి మాత్రం లేదు!

రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే క్రికెట్ ప్రసారాల కేసులో చెప్పింది, తీర్పు రాసినవాళ్లలో మన జస్టిస్ జీవన్ రెడ్డి గారు ఒకరు. గంటకి పది నిమిషాలు వార్తలు చెప్పుకోనివ్వండని 2023లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా సిఫార్సు చేసింది. పది నిమిషాలంటే నాకు నవ్వొచ్చింది, అయినా సున్నా కంటే నయం.

ఇక మొన్న ఉత్తరం రాసినాయన అమెరికాని చూపించి బెదిరించారు. వివాదాస్పద విషయం మాట్లాడితే రెండో పక్షానికీ చోటివ్వాలని అక్కడ 1949 నుంచి నిబంధన ఉండేది, 1969లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది, 1987లో తీసేశారు, మరుసటి ఏడాదే రాజకీయాల మీద ఒకవైపే గట్టిగా మాట్లాడే రష్ లింబా రేడియో ప్రోగ్రాం దేశమంతా మొదలైంది. నిజమే. అయితే ఆ నిబంధన ఉన్న రోజుల్లో లైసెన్సుకి ఎసరొస్తుందని భయపడి స్టేషన్లు అసలు గొడవ విషయాల జోలికే పోవట్లేదన్న మాట కూడా తీసేసేటప్పుడు అక్కడి ప్రసారాల నియంత్రణ కమిషనే చెప్పింది. మన దగ్గరైతే రెండో పక్షం ఎవరో తేల్చే కుర్చీలో ఎవరు కూర్చుంటారో ఊహించుకోండి. ప్రభుత్వం మారగానే కేబుల్లో ఏ ఛానెల్ మాయమవుతుందా అని చూసేవాళ్లం మనం.

నన్నడిగితే ఎవరినైనా పేరు పెట్టి అంటే వాళ్లకి అదే స్టేషన్లో, అదే టైముకి జవాబు చెప్పే అవకాశం ఇవ్వాలి, అబద్ధం చెబితే మీ పేపర్ మీద వేసినట్టే కోర్టులో కేసు వేసుకోవాలి. ఏది మాట్లాడాలో మాత్రం ఢిల్లీ చెప్పనక్కర్లేదు. గోల ఎక్కువైతే ఆయన పాటల స్టేషన్ పెట్టుకుంటారు, మరను తిప్పడానికి ఎంతసేపు?

అన్నట్టు మా వీధికి పడవ మూడో రోజు మధ్యాహ్నం వచ్చింది. ఆ కబురు కూడా పక్క మేడ వాళ్లు కేకేసి చెబితేనే తెలిసింది, అప్పుడు మా ట్రాన్సిస్టర్లో ఏదో డ్యూయెట్ వస్తోంది.

— ఒక పాఠకుడు, సింగ్ నగర్, విజయవాడ