మే నెలకు కడుపుండదా?

కడప
9 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం

ఏమే ఆకుపచ్చ బకెట్టూ,

నామీద కోపంగా ఉన్నావని తెలుసు. సంక్రాంతికి నువ్వు రాసిన ఉత్తరానికి ఉగాది దాటినాక జవాబు రాస్తున్నా. తప్పు నాదే, తిట్టుకో. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. రెండుసార్లు మొదలుపెట్టినాను, గొంతు పూడుకుపోయింది. అందుకే కాగితం తీసినా.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తా. అత్తమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గింది. ఆయనకు ఫ్యాక్టరీలో మళ్లీ షిఫ్టు మారింది, ఎర్రగుంట్లకు తెల్లారుజామునే పోతున్నాడు. ఒంటిపూట బడులు కాబట్టి నాకు ఈ రెండు గంటలు దొరికినాయి. చిన్నదానికి రెండేళ్లు నిండినాయి, "కారం దోస" అనడం వచ్చింది. మన పందెం ప్రకారం నువ్వు నాకు రెండు దోసెలు బాకీ. అంతే, ఇక అసలు సంగతికి వస్తా.

బూబమ్మ గురించి నీకు చెప్పినాను కదా, అల్మాస్‌పేటలో చిన్నదాన్ని చూసుకునే ఆమె. ఆమె దగ్గర నలుగురు పిల్లలు. పొద్దున ఎనిమిదికి వదిలితే సాయంత్రం నాలుగు దాకా. ఒక్కో పిల్లకు నెలకు 2,500 రూపాయలు. పనిచేసే చోట 50 మంది ఉంటే వాళ్ల పిల్లలను చూసుకునే గది, అదే క్రెష్, పెట్టాలని 2017లో చట్టంలో చేర్చినారు. మా స్కూల్లో ఆయమ్మలను కలిపినా నలభై మంది లేము, మాకు ఆ చట్టం లెక్కలోకే రాదు. కాబట్టి నాకు క్రెష్ అన్నా, ధైర్యం అన్నా బూబమ్మ ముందు గదే. డిసెంబర్లో చిన్నదానికి జ్వరం వచ్చినప్పుడు నేను పరీక్ష పేపర్లు వదిలి రాలేకపోయినా. ఆమె మధ్యాహ్నమంతా తడిగుడ్డ మారుస్తూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను పోయేసరికి ఇది "బూబూ" అని ఆమె కొంగు పట్టుకుని నిద్రపోతా ఉంది.

ఈ ఏడు ఉగాది ఆదివారం పడింది, రంజాన్ సోమవారం. రెండు పండగలూ పక్కపక్కనే వచ్చినాయి కదా అని నాకు భలే సంబరంగా ఉండింది. వై.వి. స్ట్రీట్‌లో మంచి చీర తీసినా. ఒక నెల జీతం కవర్లో పెట్టినా. ఆ నెల జీతం అనే లెక్క మా ఆయన బోనసు నుంచి వచ్చింది. బోనసు చట్టంలో కనీసం 8.33 శాతం అని ఉంది, అంటే ఏడాది జీతంలో పన్నెండో వంతు, ఒక నెల. కానీ అది ఎక్కువమంది పనిచేసే చోట్లకే. బూబమ్మ ఒక్కతే. ఆమెకు ఎవరిస్తారు? మేమే ఇయ్యాల అనుకున్నా. చాలా మంచి పని చేస్తున్నా అనుకున్నానే అప్పుడు.

ఉగాది పొద్దున దేవుని కడప గుడికి పోయినాము. నీకు గుర్తుందా, మనం డిగ్రీలో ఉన్నప్పుడు ఆ క్యూలో నీ చెప్పులు పోయి, నేను నా చెప్పు ఒకటి నీకిచ్చి ఇద్దరమూ ఒంటికాలి మీద... సరే, వద్దులే. ఎప్పటిలాగే ముస్లింలు వందలమంది వచ్చినారు. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడపిల్ల, వెంకటేశ్వరస్వామి మా అల్లుడు అని కొబ్బరికాయలు పట్టుకుని నిలబడినారు. ఆ వరసలో బూబమ్మ! ఉపవాసంలో ఉంది, పెదవులు ఎండిపోయి ఉన్నాయి, అయినా చిన్నదాన్ని చూడగానే నవ్వింది. అప్పుడు ఆమె చెవులు చూసినా. ఎప్పుడూ ఉండే కమ్మలు లేవు, చీపురుపుల్లలు గుచ్చుకుని ఉంది. పండగపూట అట్లా ఎందుకుందా అనిపించింది. అంతలో క్యూ కదిలింది.

సాయంత్రం ఓళిగలు, చీర, కవరు పట్టుకుని వాళ్లింటికి పోయినాము. వీధంతా మేడల మీదికెక్కి నెలవంక కోసం చూస్తా ఉన్నారు. బూబమ్మ కవరు తెరవలేదు. చేత్తో బరువు చూసినట్టు పట్టుకుని, "ఇది ఏంటికమ్మా? ఖైరాతా?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. "దానమైతే నాకొద్దు తల్లీ. నాకంటే లేనోళ్లు ఉండారు. రేపు నమాజుకు ముందు నేనే ఇంట్లో తలకింత లెక్కగట్టి లేనోళ్లకు పండగ దానం, ఫిత్రా, ఇయ్యాల."

నాకు ఏం చెప్పాలో తెలీలేదు. "బోనసు బూబమ్మా, పండగ బోనసు" అన్నా.

ఆమె కాసేపు చీర అంచు సర్దుతూ కూర్చుంది. తర్వాత మెల్లగా, "ఈతూరి సెలవులు ఎప్పటి నుంచి?" అంది. ఏప్రిల్ 24 నుంచి, మళ్లీ జూన్ 12కు బడి అని చెప్పినా. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఏమీ అనలేదు. లోపలి నుంచి కోడలు, సేమ్యా వేయిస్తున్న పిల్ల, అక్కడి నుంచే అనేసింది: "పోయినేడు సెలవుల్లోనే కదక్కా అత్త కమ్మలు తాకట్టు పెట్టినాము. నలుగురు పిల్లలూ ఒకేసారి రాకపాయె. బాడుగ కట్టాల కదా." బూబమ్మ ఆ పిల్లను కసిరింది.

నాకు ఒళ్లంతా చల్లబడిపోయింది. పోయినేడు ఏప్రిల్ 24న నేనే లెక్కగట్టి, ఆ నెల్లో ఆరు రోజుల డబ్బు పట్టుకుని మిగతాది ఇచ్చినా. మే నెలకు ఏమీ ఇయ్యలేదు. జూన్ సగమే ఇచ్చినా. పిల్ల ఇంట్లోనే ఉంది కదా, ఎందుకియ్యాల అనుకున్నా. మిగతా ముగ్గురు తల్లులూ అంతే చేసినారు.

ఇప్పుడు చెప్పవే. మనం మొదట చేరిన స్కూలు గుర్తుందా? మే నెల జీతం లేదని చెప్పినప్పుడు నువ్వు ప్రిన్సిపాల్ గదిలో నిలబడి, "సార్, మే నెలకు కడుపుండదా?" అన్నావు. నేను నీ వెనక నిలబడి వణికినా. ఆ వేసవంతా మనం మూడో నంబరు గదిలో మరమరాలు తిని, ఆ మాట చెప్పుకుని చెప్పుకుని రగిలిపోయినాము. ఇన్నేళ్లయినా ఆ బాధ నాకు పోలేదు. ఆ బాధే నేను బూబమ్మకు పెట్టినా. ఆమె నీలాగా అడగలేదు, అంతే తేడా. కమ్మలు తీసి ఇచ్చింది. జూన్‌లో నేను పోతే నవ్వుతూ పిల్లను ఎత్తుకుంది.

నేను ఆ కవరు మళ్లీ చేతిలోకి తీసుకుని, "బూబమ్మా, ఇది బోనసు కాదు. పోయినేడు మే నెల జీతం. నీకు రావాల్సిందే" అన్నా. ఆమె చాలాసేపు నా ముఖం చూసింది. "అట్లయితే తీసుకుంటా" అని కవరు తీసుకుని, రెండు మడతలు పెట్టి జాకెట్లో పెట్టుకుంది. ఆ తీసుకోవడం చూడాలే నువ్వు. తలెత్తుకుని తీసుకుంది. అంతలో మేడ మీద కేకలు, నెల కనపడిందని. నాకు ఏడుపాగలేదు, వీధిలోకి వచ్చి నిలబడినా.

ఇంటికొచ్చినాక మా ఆయనతో మాట్లాడినా. ఈ సెలవులకు జీతం కోయము, పన్నెండు నెలలూ ఇస్తాము. పోయిన జూన్ సగమూ, ఆ ఆరు రోజుల డబ్బూ మే ఒకటో తేదీకి ఇచ్చేస్తాము. బోనసు వేరే, అది కూడా బాకీనే. ఇంకొకటి కూడా తెలిసింది. పండగ ముందురోజు ఇచ్చే డబ్బు పండక్కి ఉపయోగపడదు. బట్టలు, సేమ్యా, నెయ్యి, ఫిత్రా అన్నీ పది రోజుల ముందే చూసుకోవాల. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి వచ్చే ఏడు మార్చి మొదట్లోనే ఇయ్యాలని క్యాలెండర్లో రాసిపెట్టినా.

మిగతా ముగ్గురు తల్లులతోనూ మాట్లాడినా. ఒకామె వెంటనే ఒప్పుకుంది, ఆమె కూడా టీచరే. ఇంకొకామె ఆలోచిస్తా అంది. మూడో ఆమె మాత్రం "పిల్లోడు రాకుండా జీతమేంది? కావాలంటే చీర పెడతా" అంది. ఆమెకు ఏం చెప్పాలో తెలీడం లేదే. చీర బాడుగ కడుతుందా అని అడగబోయినా, కానీ పోయినేడు నేను చేసిందీ అదే కదా, నోరు రాలేదు. నువ్వయితే ఎట్లా చెప్తావు? ప్రిన్సిపాల్ ముందు నిలబడినదానివి, రాయి నాకు. 24 లోపల రాయాల, ఆ తర్వాత లాభం లేదు.

కమ్మలు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. వడ్డీ ఎంతయిందో ఆమె చెప్పడం లేదు. కోడలిని పక్కకు పిలిచి అడుగుదామా, లేకపోతే అది ఆమెకు ఇంకా...

అయ్యో, మూడున్నర అయింది. చిన్నదాన్ని తెచ్చుకోవాల. ఎండలో బూబమ్మ దాన్ని ఎత్తుకుని వాకిట్లో నిలబడి ఉంటుంది. మీ అమ్మ సంగతి అడగనే లేదు, వచ్చే ఉత్తరంలో అడుగుతా. పోతున్నా.

నీ
మూడో నంబరు గది