సూది గుచ్చుకున్నాక చెప్పండి చాలు

ఎడిటర్ గారికి,

రోగికి ఏ జబ్బు ఉందో అంబులెన్స్ సిబ్బందికి ముందే చెప్పాలని కొందరు వాదిస్తున్నారు. ఆ బండిలో ఏళ్ల తరబడి పనిచేసినవాడిని కాబట్టి ఆ భయం నాకు తెలుసు. ఒక రాత్రి కుదుపుల్లో ఒక రోగికి సెలైన్ పెడుతుంటే సూది గ్లవ్ దాటి నా బొటనవేల్లో దిగింది. ఆస్పత్రిలో ఆయన్ని అప్పగించి, "ఈయనకేమైనా ఉందా?" అని అడిగితే, "అది బయటికి చెప్పకూడదు" అన్నారు. ఆ రాత్రి పిల్లల పక్కన పడుకోవడానికి కూడా జంకాను. పక్కన పడుకుంటే ఏదీ అంటదని తెలిసి కూడా!

అయినా జబ్బుల చిట్టా ముందే ఇవ్వమని నేను అడగను. తనకు హెపటైటిస్ (కాలేయానికి సోకే జబ్బు) ఉందని రోగికే తెలియకపోతే చిట్టాలో ఎలా ఉంటుంది? చిట్టా చూసి గ్లవ్స్ వేసుకోవడం అలవాటైతే, చిట్టాలో జబ్బు లేని ఇంటికి ఉత్తచేతులతో వెళ్తాం. పైగా "ఆ ఇంట్లో హెచ్‌ఐవీ ఉంది" అని వైర్‌లెస్‌లో ఒక్కసారి వినిపిస్తే వీధంతా పాకుతుంది. ఆ ఇంటివాళ్లు గుండెనొప్పి వచ్చినా మళ్లీ ఫోన్ చేయరు. టీబీలా గాలిలో సోకేవాటికైతే "ఎన్95 మాస్క్ పెట్టుకుని వెళ్లండి" అంటే చాలు, జబ్బు పేరెందుకు?

గుచ్చుకున్నాక సంగతి వేరు, అప్పుడు చెప్పాల్సిందే. హెచ్‌ఐవీ ఉన్నవారి రక్తం అంటిన సూదితో అది సోకే అవకాశం వెయ్యికి 3 మాత్రమే. టీకా వేయించుకోనివారికి హెపటైటిస్ బి అయితే నూటికి 6 నుంచి 30 దాకా. 3 డోసుల టీకా ఉంది, కానీ రెండో డోసు దగ్గరే ఆగిపోయినవాళ్లు మా బండిలోనే ఉండేవారు. హెచ్‌ఐవీ సోకకుండా ఆపే మందులు గుచ్చుకున్న 72 గంటల్లోపు, వీలైతే తొలి గంటల్లోనే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. రోగికి లేదని తేలితే మధ్యలోనే ఆపేయొచ్చు. ఆ ఒక్క మాట ఎవరూ చెప్పక నేను నెలంతా వికారంతో డ్యూటీ చేశాను.

అమెరికాలో 1990 నాటి ర్యాన్ వైట్ చట్టం దీనికో దారి చూపింది. సిబ్బంది తరఫున ఒక అధికారి అడుగుతాడు, ఆస్పత్రి 48 గంటల్లోపు చెబుతుంది, రోగి పేరు మాత్రం బయటపెట్టదు. పద్ధతి మంచిదే. కానీ 72 గంటల్లో 48 జవాబు కోసమే పోతే ఎలా? రాత్రి రెండింటికి చేసినా ఫోన్ ఎత్తే మనిషి ఆ అధికారి కుర్చీలో ఉండాలి.

– ఒక మాజీ అంబులెన్స్ ఉద్యోగి