పైలట్ శిక్షణ ఫీజు ఎగిరిన గంటల లెక్కనే తీసుకోవాలి: కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నెల్లూరు జిల్లా కోవూరు నుంచి నమస్కారములతో చేసుకుంటున్న విన్నపం. మా జిల్లా నుంచి మీ శాఖకు ఉత్తరం వస్తే అది దగదర్తి విమానాశ్రయం గురించేనని మీ కార్యాలయం వారు అనుకోవచ్చు. దాన్ని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి నేను ఆ జోలికి పోవడం లేదు. కమర్షియల్ పైలట్ లైసెన్సు కోసం పిల్లలను ఫ్లయింగ్ స్కూళ్లలో చేర్పించిన కుటుంబాల దగ్గర ఫీజు వసూలు చేస్తున్న పద్ధతి గురించి మాత్రమే రాస్తున్నాను.

ఈ చదువుకయ్యే ఖర్చు నలభై లక్షలకు పైమాటే. లైసెన్సు చేతికొచ్చాక టైప్ రేటింగుకు, అంటే ఫలానా రకం విమానం నడిపే అర్హతకు, పెట్టాల్సింది వేరే. పూచీకత్తు లేని విద్యారుణం 7.5 లక్షల దగ్గరే ఆగిపోతుంది. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకం జాతీయ ర్యాంకింగుల్లో నిలిచిన ఉన్నత విద్యాసంస్థల కోసం పెట్టింది కనుక ఫ్లయింగ్ స్కూల్లో చేరినవారికి దానితో ఒరిగేదేమీ లేదు. అందుకే మా వైపు పెన్నా ఆయకట్టు కింద మాగాణి తాకట్టు పెట్టినవాళ్లూ, రొయ్యల గుంటలు అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. కొండపి వైపు పొగాకు రైతుల ఇళ్లలోనూ ఇదే కథ.

మా అమ్మాయిని పొరుగు రాష్ట్రంలోని ఒక స్కూల్లో చేర్చాం. ఇది ఒక్క సంస్థకున్న జబ్బు కాదని తోటి తల్లిదండ్రులతో మాట్లాడాక తెలిసింది కనుక దాని పేరు రాయడం లేదు. ఫీజులో సింహభాగం మొదటి నెలల్లోనే కట్టించుకున్నారు. ఆ తరువాత అమ్మాయి ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్కు తిరగేస్తే కొన్ని నెలలకు రెండు మూడు వరుసలకు మించి కనబడవు. ఒకసారి విమానం విడిభాగం కోసం హ్యాంగరులో కూర్చుంది, మరోసారి ఇన్‌స్ట్రక్టర్ ఎయిర్‌లైన్ ఉద్యోగం వచ్చి వెళ్లిపోయారు, ఇక వానలూ పొగమంచూ సరేసరి. వాతావరణానికి ఎవరినీ తప్పుపట్టలేం. ఉన్న విమానాలకూ, ఉన్న ఇన్‌స్ట్రక్టర్లకూ మించి పిల్లలను చేర్చుకోవడం మాత్రం వాతావరణం చేసిన పని కాదు.

ఆలస్యమైతే పోయేది కాలం ఒక్కటే కాదు. లైసెన్సుకు మొత్తం 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు తానే కమాండులో, అంటే విమానం బాధ్యత తానే తీసుకుని, నడపాలి. 300 నాటికల్ మైళ్ల క్రాస్ కంట్రీ (ఊరి నుంచి ఊరికి చేసే దూర ప్రయాణం), రాత్రి పూట 5 గంటలు కూడా లెక్కలో ఉండాలి. పైగా కమాండులో నడిపిన ఆ గంటల్లో కనీసం 15, దరఖాస్తుకు ముందు ఆరు నెలల్లో ఎగిరినవై ఉండాలన్న నియమం ఉంది. నియమం మంచిదే, భద్రత కోసం పెట్టినదే. కానీ స్కూలు నిర్వాకం వల్ల చివరి గంటలు ఎప్పుడో ఎగిరి, చెక్ రైడ్ (ఎగిరి చూపించే పరీక్ష) కోసమో కాగితాల కోసమో ఎదురుచూస్తూ కూర్చున్న విద్యార్థి మళ్లీ డబ్బు కట్టి మళ్లీ ఎగరాల్సి వస్తోంది. ఆ ఖర్చు కూడా మా మీదే పడుతోంది.

మీ శాఖ కింద విమానయాన నియంత్రణ చూసే డీజీసీఏ 2025లో ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది. తొలి జాబితాలో అన్నిటికన్నా పైనున్న ఏ ప్లస్ ప్లస్, ఏ ప్లస్ శ్రేణులకు ఒక్క సంస్థ కూడా ఎక్కలేదు. ఆ నిజాన్ని దాచకుండా బయటపెట్టినందుకు మీ శాఖను మెచ్చుకోవాలి. అయితే డబ్బు కట్టేసినవాడికి ర్యాంకు తెలిసి ప్రయోజనమేముంది? మా అమ్మాయి అక్కడ మానేసి మరో స్కూలుకు మారదామంటే మిగిలిన ఫీజు వెనక్కి రాదు.

కాబట్టి నా మనవి ఇది. గ్రౌండ్ క్లాసులకు (తరగతి గదిలో చెప్పే పాఠాలకు) అయ్యే మొత్తాన్ని విడిగా చూపించి, ఎగిరే గంటల ఫీజును విడతలుగా, ముందు విడత గంటలు లాగ్‌బుక్కులో ఎక్కిన తరువాతే తరువాతి విడత తీసుకునేలా నిబంధన తేవాలి. విద్యార్థి మానుకుంటే ఎగరని గంటల సొమ్ము ఇన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలని గడువు పెట్టాలి. ప్రతి స్కూలూ ఎంతమంది విద్యార్థులకు ఎగరగలిగే స్థితిలో ఎన్ని విమానాలున్నాయో, సగటున ఒక్కొక్కరు నెలకెన్ని గంటలు ఎగురుతున్నారో మూడు నెలలకోసారి ప్రకటించాలి. విమానాలు ఖరీదైనవి, ముందుగా డబ్బు లేనిదే నడపలేమని యాజమాన్యాలు అంటాయి. అప్పు తెచ్చి విమానం కొనడం వ్యాపారం చేసేవారి పని. ఆ పెట్టుబడి కోవూరు రైతు మాగాణి మీద తెచ్చి పెట్టాలనడం న్యాయం కాదు.

మీ శాఖ తలచుకుంటే పద్ధతులు మారతాయని మాకు నమ్మకం ఉంది. టెలికాం శాఖ చేతిలో ఉండి విద్యార్థులను ఏళ్ల తరబడి తిప్పలు పెట్టిన రేడియో టెలిఫోనీ లైసెన్సును (విమానంలో రేడియో వాడేందుకు పైలట్‌కు కావాల్సినది) 2024 నాటి భారతీయ వాయుయాన్ చట్టం మీ పరిధిలోకే తెచ్చింది. 2022లో కొత్త ఫ్లయింగ్ స్కూళ్లకు ఎంపికైన విమానాశ్రయాల్లో మన కడప కూడా ఉంది. కడపలో చేరే పిల్లలకైనా ఈ ఫీజు నిబంధన మొదటి రోజు నుంచే అమలయ్యేలా ఆదేశాలు ఇవ్వవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
కోవూరు, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.